కొలతలు తీయబడవు

పోయిన నెల మా కర్మాగారంలో ఉద్యోగుల కోసం ఒక పూట శిక్షణ ఏర్పాటు చేశారు. ఉద్యోగంలోనూ, జీవితంలోనూ గెలిచే మార్గం చెప్పడానికి ఒక కోచ్‌ను పిలిపించారు. భోజనానికి ముందు చివరి అరగంటలో ఆ కోచ్ తెర మీద ఒక ఫోటో వేశాడు. వెనక మూడు వరుసల్లో రంగుకాగితపు తొట్టెలు. వాటి ముందు చేతులు కట్టుకుని, నవ్వమన్నందుకు నవ్వుతున్న ఒక మనిషి. “పాతబస్తీలో ఒక సాధారణ కళాకారుడు. మూడు నెలల్లో తన ఆలోచనే మార్చుకున్నాడు” అన్నాడు కోచ్. హాలంతా చప్పట్లు కొట్టింది. ఫోటోలోని మనిషి పోయి అప్పటికి నలభై రోజులు కాలేదు. ఆ సంగతి కోచ్‌కు తెలియదని ఆయన గొంతులోనే తెలుస్తోంది. నేను లేచి చెప్పలేదు. చెబితే ఇంకా చాలా చెప్పవలసి వచ్చేది. అందులో నా భాగం కూడా ఉంది.

లాల్‌దర్వాజాలో మేము అద్దెకుండే ఇంటికి తిరిగే గల్లీ మొదట్లోనే ఆ ఫోటోలోని మనిషి మడిగె, చిన్న దుకాణపు గది. వెడల్పు ఆరడుగులు, లోతు తొమ్మిది. కొలతల విభాగంలో పనిచేసేవాణ్ని కనుక గదులను కూడా అలా చూడడం నాకు అలవాటు. తయారైన యంత్రభాగాలు గీసిన బొమ్మకు సరిపోయాయో లేదో చూడడం, సరిపోతే పంపడం, లేకపోతే వెనక్కి తిప్పడం నా ఉద్యోగం. ఆషాఢమాసపు బోనాల్లో అమ్మవారికి మొక్కుగా ఇచ్చే తొట్టెలు కట్టడం ఆయన పని. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, గోపురంలా నిలబెట్టి, అంతస్తు అంతస్తుకూ రంగుకాగితం అంటించి, అంచులకు కత్తిరించిన కాగితపు జాలరు వేలాడదీస్తే తొట్టెల అవుతుంది. మిగిలిన నెలల్లో పతంగులు, పెళ్లిపందిళ్ల కాగితపు తోరణాలు.

కట్టేటప్పుడు నాలుగైదు బద్దలు పెదవుల మధ్య పట్టుకునేవాడు. అందువల్ల ఆయన మాటల్లో పెదవులు కలవవలసిన అక్షరాలు పలికేవి కావు. మేమంతా ఆ భాషకు అలవాటుపడ్డాం. ఎప్పుడైనా బద్దలు నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడంటే ముఖ్యమైన మాట చెప్పబోతున్నాడన్నమాట. అలాంటి మాట “దేఖ్ తమ్మీ” అని మొదలయ్యేది. కాగితాల దొంతర మీద పక్కనుంచి ఒక్క ఊపిరి ఊదితే సరిగ్గా ఒక్క కాగితం లేచేది. రెండు లేవడం నేను చూడలేదు. పరిచయమైన కొత్తలో నేను ఒక ఉక్కు టేపు తెచ్చి ఇచ్చాను. ఎంతో మర్యాదగా తీసుకుని, గాలికి ఎగరకుండా కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది. ఒక్కసారీ తెరవలేదు.

ఎందుకంటే ఆయన అంకెతో కొలవడు. వాళ్లింట్లో తాతల నుంచీ ఒకటే పద్ధతి. ఎవరి పేరున మొక్కుకున్నారో ఆ మనిషి నిలువెత్తు ఎంతో తొట్టెల అంతే ఉండాలి. చాలావరకు పిల్లల మీద మొక్కులే. బోనాలకు పది రోజుల ముందు తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. పసుపు రాసిన నూలు దారం పిల్ల మాడు మీద ఒక బొటనవేలితో పట్టి, మడమ దగ్గర ఇంకో చేత్తో బిగించి, ముడి వేసేవాడు. దారాలు రెండు తీసేవాడు. ఒకటి తొట్టెల నడిమి కర్రకు చుట్టేవాడు. రెండోది గోడ మేకుకు వేలాడేది, వచ్చే ఏటి దాకా. ఈ పనంతా పది నిమిషాలదైతే, తల్లితో మాట్లాడడం ఇరవై నిమిషాలు. “జరమొచ్చిందంటివి, తగ్గెనా?” “బడికి పోతుండా, లొల్లి జేస్తుండా?” నిరుడు దారానికీ ఈ ఏటి దారానికీ ఉన్న తేడాను తల్లి వేళ్ల మధ్య పెట్టి చూపించేవాడు. ఆ తేడా చూసుకోవడానికే వాళ్లు వచ్చేవాళ్లని ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజుల్లో నా దృష్టికి అది ఆలస్యంగా కనిపించేది.

ఒక ఆషాఢంలో నేను అక్కడ కూర్చుని ఉండగా ఛత్రినాక వైపు నుంచి ఒకామె వచ్చింది. లాడ్ బజార్ దుకాణాలకు ఇంట్లోనే కూర్చుని లక్కగాజులకు అద్దాలు అతికించే మనిషి. వేళ్ల చివర లక్క కాలిన మచ్చలు. చంకలో తొమ్మిదేళ్ల కూతురు. ఆ పిల్ల నడవదు, నిలబడదు. నడిచే దాకా ఏటేటా నిలువెత్తు తొట్టెల ఇస్తానని మొక్కు. ఆయన పిల్లను చాప మీద పడుకోబెట్టించి, “చెల్లె, మీ వదినె నీ కోసం అడుగుతుండె. జర పోయి మాట్లాడి రా” అన్నాడు. ఇల్లు నాలుగు గుమ్మాల అవతలే. ఆమె వెళ్లింది. ప్రతి ఏడూ ఆ సమయానికి ఆయన భార్య ఏదో ఒక కబురుతో ఆమెను పావుగంట ఆపేదని తర్వాత తెలిసింది.

“కండ్లు మూస్కో బిడ్డా. నేను అనేదాంక తెరవొద్దు. ఎవలు ఓడిపోతరో చూద్దాం” అన్నాడు పిల్లతో. పిల్ల నవ్వుతూ గట్టిగా కళ్లు మూసుకుంది. ఆయన బద్దలు మళ్లీ పెదవుల మధ్య పెట్టుకుని, దారం పట్టి ముడి వేసి, మేకు నుంచి నిరుటి దారం తీసి పక్కన పెట్టాడు. అంతకు ముందటి ఏటిది కూడా దాచాడు, అదీ పెట్టాడు. మూడు దారాలూ ఒకటే పొడవు. నూలు దారం గాలిలోని తేమకు కొంచెం మారుతుంది. ఆ మార్పు తప్ప వేరే తేడా లేదు. ఆయన ఈ ఏటి దారం ముడి విప్పి, రెండు వేళ్ల మందం వదిలి మళ్లీ ముడి వేశాడు.

“అన్నా, గిది తప్పు కొలత గదా?” అన్నాను మెల్లగా.

నోట్లోంచి బద్దలు తీశాడు. “దేఖ్ తమ్మీ. మీ ఫ్యాక్టరీల గిట్ల పెడితె మిషిన్ తిరుగది. ఒప్పుకుంట. ఈడ మిషిన్ లేదు. తల్లి ఉన్నది.”

ఆమె తిరిగివచ్చి ముందు దారాల వైపే చూసింది. “పెరిగిందా అన్నా?”

“రెండు వేళ్లు పెరిగింది చెల్లె. చూస్కో.”

ఆమె మచ్చల వేళ్లు రెండు దారాల కొసల మధ్య పెట్టింది. సరిగ్గా పట్టాయి. వేళ్లు తీయకుండా కొంతసేపు అలాగే ఉంది. ఆమె వెళ్లాక ఆయన ఆ ముడిని ఎప్పటిలాగే అసలు పొడవుకు మార్చి, దారాన్ని మేకుకు వేశాడు. తెలిసి తెలిసి వేసిన తప్పు కొలత నన్ను ఆ వారమంతా ఇబ్బంది పెట్టింది. నా ఉద్యోగంలో నేను ఎన్నడూ సంతకం పెట్టని కొలత అది.

ఆ తర్వాత రెండేళ్లలో బజారు మారింది. యంత్రం మీద కోసిన థర్మాకోల్‌కు మెరుపు కాగితం అంటించిన తొట్టెలు హోల్‌సేల్ దుకాణాల్లోకి వచ్చాయి. చూడడానికి బాగుంటాయి, చవక, వెంటనే దొరుకుతాయి. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. ఒక ఏడు బోనాలు అయిన మర్నాడే మడిగె యజమాని వచ్చి, వచ్చే బోనాల దాకా చూస్తాననీ, అప్పటికి కిరాయి రెట్టింపు ఇవ్వలేకపోతే మడిగెను సెల్‌ఫోన్ల దుకాణానికి ఇస్తాననీ చెప్పిపోయాడు.

ఆయనకు దీని అర్థం బాగా తెలుసు. “వేరే తాన చూస్కో అంటుండ్రు అందరు. ఎట్ల చూస్కోవాలె తమ్మీ? నా తానకొచ్చెటోళ్లు ఏడాదికొక్కపారి వస్తరు. నా పేరు తెల్వది, నంబర్ లేదు. గీ గల్లీ, గీ గోడ, గీ మేకు, గంతే ఎర్క. ఈడ నేను లేకపోతె వాళ్లకు నేను సచ్చినట్టే.” పెదవుల మధ్య బద్దలు లేవు. ఆ నెలలో ఎప్పుడు చూసినా ఉండేవి కావు.

పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం పై అంతస్తు హాల్లో ఈ కోచ్ ఉచిత ఉపన్యాసం ఇస్తున్నాడన్న కరపత్రం ఆయన చేతికి వచ్చింది అప్పుడే. వెళ్లివచ్చాడు. ఉపన్యాసం ఉచితమే, మూడు నెలల తరగతులకు మాత్రం ముందే కట్టాలి. ఆ ఏటి పతంగుల కాగితం కొనడానికి దాచుకున్నదంతా కలిపితే ఆ రుసుముకు సరిపోతుంది. కట్టాలా వద్దా అన్నది ఆ ఇంట్లో వారం రోజులు నడిచింది. ఒక సాయంత్రం నేనూ ఉన్నాను.

“డాక్టర్‌కిస్తం, వకీలుకిస్తం. గాయనకిస్తె ఏంబోయె?” అన్నాడు ఆయన.

“డాక్టరు మందిస్తడు. వకీలు కోర్టుకొస్తడు. మరి మీ సారు ఏమిస్తడు?” అంది ఆయన భార్య, మా వదినె.

“ధైర్నం.”

“గది నేను ముప్పై ఏండ్ల సంది ముఫ్త్‌ల ఇస్తున్న. ఒక్కనాడన్న తీస్కున్నవా?”

నా వైపు చూశాడు. ఒకసారి విని చూస్తే నష్టమేముందన్నాను. అవుననీ కాదనీ తేల్చని మాట. కట్టాడు.

ఒక తరగతికి తోడు రమ్మంటే వెళ్లాను. అరవై కుర్చీలు, పెద్ద స్పీకరు, ప్రతి కుర్చీ మీదా ఒక పెన్ను. కోచ్ చురుకైన మనిషి. మోసగాడని మాత్రం నేను అనలేను. ప్రతివాణ్నీ లేపి “మీ కస్టమర్ ఎవరు?” అని అడుగుతున్నాడు. ఈయన వంతు వచ్చింది. లేచి, కండువా సరిచేసుకుని, “అమ్మవారు” అన్నాడు. హాలు నవ్వి చప్పట్లు కొట్టింది. తప్పు చెప్పాననుకుని కూర్చున్నాడు. “కాదు చాంపియన్, లేవండి. మీరు తొట్టెలు అమ్మడం లేదు. నమ్మకం అమ్ముతున్నారు” అన్నాడు కోచ్. ఈయన నా చెవి దగ్గరికి వంగి, “నమ్మకం ఎట్ల అమ్ముతరు తమ్మీ?” అని అడిగాడు.

ఒక్క సంగతి మాత్రం అన్యాయం లేకుండా రాయాలి. ఆ మూడు నెలల్లో ఆయన నడక మారింది. ముప్పై ఏళ్లలో ఆయన పని గురించి ఎవరైనా గంటసేపు ప్రశ్నలు వేసింది అప్పుడే. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, “నేను గెలుస్తాను, నా పనికి నేనే యజమానిని” అని పదిసార్లు చెప్పుకోమని పాఠం. పుస్తకాల తెలుగు నోటికి తిరగక “గెల్స్త” అనేవాడు. వదినె వంటింట్లోంచి లెక్కపెట్టేది. “తొమ్మిదే అయినయి. ఇంకొకటున్నది. అద్దంతోని మాట్లాడుమన్నడు గని పెండ్లంతోని మాట్లాడుమనలేదా మీ సారు?” ఆయన పదోది చెప్పి, ఆమె వైపు తిరిగి నవ్వేవాడు. మడిగె పోతుందన్న భయం ఇంట్లో ఉండగా ఆ నవ్వు వచ్చిందంటే, కట్టిన రుసుములో కొంత దానికి చెల్లిందనే అనుకోవాలి.

రెండో నెలలో కోచ్ సమయం ఎక్కడ పోతోందో రాసుకురమ్మన్నాడు. ఆయనకు పట్టికలు రావు. నేను కూర్చుని రాశాను. బద్దలు చీల్చడం, చట్రం, కాగితం, జాలరు. ఒక్కొక్క పనికి ఎన్ని నిమిషాలు. ఆషాఢపు పది రోజుల్లో సగం పైగా సమయం ఎత్తు తీయడానికీ, మాటలకీ పోతోందని తేలింది. ఆ పట్టిక గీసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచను. వృథా ఎక్కడుందో నా పెన్నుతోనే దొరికింది. పట్టిక చూసి కోచ్ కూడా మెచ్చుకున్నాడట.

తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందెన్నడూ రాలేదు. లోపలికి రమ్మన్నా గడప దగ్గరే కూర్చున్నాడు.

“సారు మూడు సైజులంటున్నడు. చిన్నది, నడిమిది, పెద్దది. చలికాలమంత కట్టి పెట్టుకొమ్మంటున్నడు. పతంగులు గిట్ల ఇడిసిపెట్టుమంటున్నడు. ఆషాఢంల ఎత్తు తీసుడు బంద్. అచ్చినోళ్లకు ఇచ్చుడే. నాకు మనసొప్పుతలేదు. నువ్వు కొలతలోడివి. నువ్వు చెప్పు.”

నేను వెంటనే చెప్పాను. ఆలోచించవలసినంత కష్టమైన ప్రశ్నగా అది నాకు కనిపించలేదు. ఒక్కొక్క భాగాన్నీ దాని జోడుకు విడిగా అరగదీసి అమర్చడం పాతకాలపు పద్ధతి. ఒకే కొలతకు చేసిన భాగం ఎక్కడైనా ఇమిడిపోవడం నా వృత్తికి పునాది. పాత క్యాలెండరు వెనక మూడు గీతలు గీసి చూపించాను. సంవత్సరమంతా పని పరుచుకుంటుంది, పది రోజుల ఒత్తిడి పోతుంది, వచ్చినవాణ్ని నిలబెట్టనక్కర లేదు, మూడింతలమందికి ఇవ్వవచ్చు.

“సారు చెప్పింది కరెక్టే అన్నా.”

“మరి పిల్లల ఎత్తు?”

“నాలుగించులు ఇటో అటో అయితె ఎవ్వరు చూస్తరన్నా?”

“ఎవ్వరు చూడరంటవా?”

“చూడరు.”

గడప మీద వేలితో ఏదో గీస్తూ కూర్చున్నాడు. “సరే మరి” అని లేచాడు.

మేకుకు వేలాడే దారాలను నేను ఆరేళ్లుగా రోజూ చూస్తున్నాను. మచ్చల వేళ్లు రెండు కొసల మధ్య ఆగిపోవడం చూశాను. అయినా ఆ జవాబు చెప్పాను. అద్దం ముందు నిలబెట్టిన కోచ్ ఆ మడిగె ముందు ఆషాఢంలో ఒక్క పూటైనా నిలబడి చూడలేదు. ఆయనకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. నాకు ఆ సాకు కూడా లేదు.

చలికాలమంతా కట్టాడు. ఆ ఏడు పతంగులు కట్టలేదు. ఇంట్లో అటక నిండింది, మంచం కింద నిండింది. మడిగెలో మూడు వరుసలు నిలబెట్టి, కోచ్ వచ్చిన రోజు ఫోటో తీయించుకున్నాడు. తెర మీద నేను చూసింది ఆ ఫోటోనే. మడిగె పైన కొత్త ఫ్లెక్సీ వచ్చింది: చిన్న, నడిమి, పెద్ద, మూడు ధరలు, కింద ఎర్ర అక్షరాల్లో “కొలతలు తీయబడవు.” ఆ చివరి వాక్యం కోచ్ చెప్పి రాయించింది. అచ్చుకు వెళ్లేముందు అక్షరదోషాలు చూసిపెట్టింది నేను.

ఆషాఢం వచ్చింది. తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. “ఎత్తు తియ్యవా అన్నా?” అని అడిగారు. ఆయన ఫ్లెక్సీ చూపించాడు. వాళ్లు పైకి చూసి, మూడింటినీ చేత్తో తాకి, పిల్లను పక్కన నిలబెట్టి చూశారు. ఎవరికీ కోపం రాలేదు. “బజార్ల గిసొంటియే మస్తున్నయి గదనే” అని ఒకామె పక్కామెతో అంది. నిజమే. ఎత్తు తీయని తొట్టెల బజారులో చవకగా, ఇంకా మెరుస్తూ దొరుకుతుంది. ఆయన తొట్టెలకూ బజారు తొట్టెలకూ ఉన్న తేడా ఒక్క దారం. వృథా అని నేను పట్టికలో రాసి గీత గీసింది ఆ దారాన్నే. మొదటి నాలుగు రోజుల్లోనే ఇది నాకు అర్థమైంది. అర్థమైనా నోరు తెరవలేదు. ఇంకా ఆరు రోజులున్నాయి, కొనేవాళ్లు వస్తారనుకున్నాను.

ఏడో రోజు ఛత్రినాక ఆమె వచ్చింది. చంకలో పిల్ల. పిల్ల పొడవు పెరగలేదు కానీ బరువు పెరిగింది. ఆమె ఒక పక్కకు వంగి నిలబడింది. ఫ్లెక్సీ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. నేను ఎదురుగా బల్ల మీదే ఉన్నాను.

“ఎత్తు తియ్యవా అన్నా?”

“ఈపారి సైజులు పెట్టినం చెల్లె. సారు...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

“ఏది తీస్కోవాలె మరి?”

ఆయన వరుసల వైపు చూశాడు. ఆమె పిల్లను చాప మీద పడుకోబెట్టి, తానే చిన్న సైజు తొట్టెల ఒకటి తీసి పక్కన పడుకోబెట్టింది. పిల్ల అలవాటు కొద్దీ కళ్లు గట్టిగా మూసుకుని, ఎవరో ఏదో అంటారని నవ్వుతూ ఎదురుచూస్తోంది. తొట్టెల పిల్ల కంటే పొడవుగా ఉంది. ఎంత పొడవో ఆమె జేన వేసి చూసింది. ఒక జేన, పైన ఇంకా మిగిలింది. మూడేళ్లుగా తన వేళ్ల మధ్య పట్టిన పెరుగుదల ఎటు పోయిందో వెతుకుతున్నట్టు మళ్లీ మాడు నుంచి జేన వేసుకుంటూ వచ్చింది.

“చిన్నదే దీనికి పెద్దగైతున్నదన్నా” అంది.

ఆయన లేచాడు. గోడ మేకు వైపు వెళ్లాడు. మేకు ఖాళీగా ఉంది. నిరుటి దారాలు మూడు వరుసలు నిలబెట్టిన రోజే తీసేశాడు, ఆ ఏడు కొత్త దారం కొననే లేదు. “ఆగు చెల్లె, దారం తెస్త. రెండు నిమిషాలల్ల తెస్త” అన్నాడు, గుమ్మం దాకా వెళ్లి.

“వద్దన్నా. చూసిన గద.”

ఫ్లెక్సీ మీద రాసిన ధర అక్కడ పెట్టి, ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, ఇంకో చేత్తో తొట్టెలను పట్టుకుని వెళ్లిపోయింది. పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఫ్లెక్సీ పీకేశాడు. దారం తెచ్చి మేకుకు వేశాడు. మిగిలిన మూడు రోజుల్లో కొద్దిమందే వచ్చారు. శ్రావణమాసంలో మడిగె షట్టరు మీద కొత్త రంగు పడింది, లోపల అద్దాల అలమరలు వచ్చాయి.

అమ్ముడుపోని తొట్టెలు ఇంటి నిండా ఉన్నాయి. మొక్కు కోసం కట్టింది అమ్మవారికి చేరకుండా పారేయకూడదు, కాల్చకూడదు. వచ్చే ఏటికి కాగితం వెలిసిపోతుంది. అందుకని ఒక్కొక్కటే తడిబట్టతో అద్ది, కాగితం ఒలిచి, బద్దలు విడదీశాడు. కట్టడానికి పట్టిన కాలం కంటే విప్పడానికి ఎక్కువ పట్టిందని వదినె చెప్పింది. మైదా ఉడికించి అంటించిన కాగితం ఆ చేతుల కింద చిరగకుండా రావాలంటే అంత నెమ్మదిగానే లాగాలి. తర్వాత ఉప్పుగూడ వైపు ఒక గదికి మారారు. కేకులు పెట్టే అట్టడబ్బాలు మడిచే పని ఇద్దరికీ దొరికింది. అట్టలు ఇంటికే తెచ్చిస్తారు, మడిచినవి తీసుకుపోతారు.

మరుసటి ఆషాఢంలో గల్లీ మొదట్లో తల్లులు కొందరు సెల్‌ఫోన్ల దుకాణం ముందు నిలబడి అటూ ఇటూ చూడడం నాకు కనిపించింది. ఇద్దరు ముగ్గురికి ఉప్పుగూడ గది గుర్తులు చెప్పాను. అక్కడిదాకా ఎవరూ వెళ్లలేదు. ఛత్రినాక ఆమె వాళ్లలో లేదు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు కొన్నింటిలో అడిగాను. అద్దాలు అతికించేవాళ్లు చాలామంది ఉన్నారన్నారు.

ఆయనకు ఊపిరి అందడం లేదని తెలిసి, పోవడానికి రెండు వారాల ముందు వెళ్లాను. పరామర్శ కోసమే కాదు. ఎక్కడ పొరబడ్డానో, ఎందుకు పొరబడ్డానో ఆయనతో స్పష్టంగా చెప్పాలని వాక్యాలు సిద్ధం చేసుకుని వెళ్లాను. నేను ప్రశ్నను తప్పుగా చదివాననీ, కొలవవలసినదాన్ని వదిలి వేరేదాన్ని కొలిచాననీ చెప్పాలనుకున్నాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో అట్టలు. మడిచిన డబ్బాలు మంచం పక్కన నడుమెత్తు పేర్చి ఉన్నాయి. చేతులు మాత్రం ఎప్పటిలాగే, ఒక్క మడత తప్పు లేకుండా నడుస్తున్నాయి.

“అన్నా, గా మూడు సైజుల సంగతి...” అన్నాను.

“ఇడిసిపెట్టు తమ్మీ. సారు మీద నాకు కోపం లేదు.” ఒక డబ్బా మడిచి పక్కన పెట్టాడు. ఊపిరి కోసం ఆగాడు. “పైసల్ దీస్కొని చెప్పెటోని మాట నేను సగమే ఇంట. మిగిలిన సగం ఆయన పొట్టకోసమని తీసేస్త. మూడు సైజులు అన్ననాడు గూడ తీసేసిన. ఒద్దనే అనుకున్న. గందుకే నీ తానకొచ్చిన.”

వదినె పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగి చూసింది.

“నువ్వు ఒక్క పైసా దీస్కోలే గద” అన్నాడు ఆయన. “అబద్ధం చెప్పనీకె నీకేం అవసరం? గందుకే నీది పూరా నమ్మిన.”

ఆ మాటలో నింద లేదు. ఒకప్పుడు బద్ద ఎటు చీలుతుందో నాకు చూపించినంత మామూలుగా చెప్పి, ఇంకో అట్ట ఒళ్లోకి తీసుకున్నాడు. నేను కూడా ఒక అట్ట తీసుకుని, ఆయన చేతులు చూస్తూ మడవడానికి ప్రయత్నించాను. నాకు రాలేదు. ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకుని, విప్పి, మళ్లీ సరిగ్గా మడిచి పెట్టాడు.